ఉంగరాల జుట్టును ఆరేదాకా ముట్టుకోవద్దు

నా పార్లరు తీసుకున్న సంధ్య తాళాలు అందుకుంటూ, "ఆంటీ, మీకు తెలిసినవి ఒక నోటుపుస్తకంలో రాసివ్వరా? మా కోర్సులో చాలా చెప్పలేదు" అంది. కనుబొమ్మలు దిద్దడం గురించో, పెళ్ళికూతుళ్ళ ముస్తాబు గురించో అడుగుతుందేమో అనుకున్నాను. అవన్నీ ఇప్పటి పిల్లలు నాకంటే బాగా చేస్తారు. "ఏం రాయమంటావే?" అంటే, "ఆ రింగుల జుట్టు సంగతి రాయండి. అలాంటి తల కుర్చీలో కూర్చుంటే నాకు చెయ్యాడదు" అంది.

నిజం చెప్పింది పిల్ల. బందరులో ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ తలలు దువ్వి బతికినదాన్ని నేను. ఉంగరాల జుట్టు దగ్గర నాకూ చాలా ఏళ్ళు చెయ్యాడలేదు. సంధ్యకు తనకు చెయ్యాడటం లేదని తెలుసు, నాకు అప్పట్లో ఆ సంగతి కూడా తెలియదు. అదీ తేడా. కాబట్టి నా గొప్పలు పక్కనపెట్టి, నేను పాడుచేసిన తలల గురించే ఎక్కువ రాస్తున్నాను.

గుడివాడ మేడమ్

మాది బంటుమిల్లి. ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, గుడివాడలో ఒకావిడ పార్లరు పని నేర్పుతున్నారని తెలిసి వెళ్ళాను. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మేడమ్ అనే పిలిచేవారు. మొదటిరోజు నన్ను కింద నుంచి పై దాకా చూసి, పై దగ్గర ఆగిపోయారు.

"ఏమ్మా ప్రమీలా, నీ తలే పిచ్చుకగూడులా ఉంటే నీ దగ్గరికి ఎవరొస్తారు? ముందు నీది సరిచేసుకో, తర్వాత ఊళ్ళోవాళ్ళవి సరిచేద్దువుగాని."

మా అమ్మది ఉంగరాల జుట్టు, నాకూ అదే వచ్చింది. మేడమ్ నన్ను కూర్చోబెట్టి స్వయంగా నా జుట్టుకు వేడి ఇస్త్రీ పట్టారు. "కుక్కతోక వంకర అంటారుగానీ, నా చేతిలో పడితే అదీ తిన్నగా అవుతుంది" అని నవ్వారు. పొగలు వస్తుంటే కళ్ళు మూసుకున్నాను. తెరిచి అద్దంలో చూసుకుంటే జుట్టు జారుగా నడుం దాకా దిగింది. అబద్ధమెందుకు, సంతోషం పట్టలేకపోయాను. ఆ రోజు నుంచి ప్రతి శనివారం, మర్నాడు చర్చికి వెళ్ళాలి కదా అని, ఇస్త్రీ పెట్టుకుంటూనే ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఒక తలకు వాడిన దువ్వెన కడగకుండా ఇంకో తలకు పెడితే చెయ్యి మీద ఒక్కటి వేసేవారు. ఒక కస్టమరు ఇంటి గుట్టు ఇంకో కస్టమరు దగ్గర విప్పనిచ్చేవారు కాదు. ఈ రెండే నన్ను ముప్పై ఏళ్ళు నిలబెట్టాయి. కానీ ఆవిడకు తెలిసిన జుట్టు ఒక్కటే. లోకంలో ఉన్నది ఆ ఒక్కటే అనుకునేవారు. రెండోది ఎదురైతే దానికేదో జబ్బు చేసినట్టు చూసేవారు. గురువు దగ్గర పని నేర్చుకోండిగానీ, గురువు భయాలు కూడా నేర్చుకోకండి.

గుడ్లవల్లేరు పిల్ల

బందరులో సొంత పార్లరు పెట్టిన కొత్తలో, గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదివే పిల్ల ఒకతె వచ్చింది. రింగులు రింగులుగా వీపు దాకా ఉంది జుట్టు. భుజాల దాకా కత్తిరించమంది. నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం బాగా తడిపి, దువ్వి, లాగి పట్టుకుని, సరిగ్గా భుజం మీద గీత గీసినట్టు కత్తిరించాను. ఎంత తిన్నగా వచ్చిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఫ్యాను కింద కూర్చోబెట్టాను. ఆరుతున్న కొద్దీ జుట్టు పైకి లేవడం మొదలుపెట్టింది. భుజం దాటింది, మెడ దాటింది, చెవుల దగ్గర ఆగింది. పిల్ల అద్దంలో చూసుకుని, "ఆంటీ, నేను చెప్పింది భుజాలండీ. మీరు చెవులు అనుకున్నారా?" అంది. నేను చేసిన పాడుపని ఏంటంటే, "నీ జుట్టే అంతమ్మా, మాట వినదు" అన్నాను. తప్పు నాది, నింద జుట్టు మీద.

ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. చున్నీ తల మీదుగా కప్పుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తిట్టిన కస్టమరు తిరిగి వస్తుంది, ఊరుకుని వెళ్ళిన మనిషి రాదు.

సాఫు జుట్టు తడిలోనూ పొడిలోనూ ఒకే పొడుగు. ఉంగరాల జుట్టు తడిసినప్పుడు సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. అందుకని దాన్ని పొడిగా ఉన్నప్పుడు, ఎలా ఉన్నది అలా చూసుకుంటూ, ఒక్కో రింగు పట్టుకుని కత్తిరించాలి. ఇది రాయడానికి రెండు లైన్లు పట్టింది. తెలుసుకోవడానికి ఒక పిల్ల కళ్ళనీళ్ళు పట్టాయి.

దుర్గ

ఇప్పుడు అసలు సంగతి.

గిలకలదిండి వైపు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి నాగేశ్వరమ్మ వచ్చేది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. ఒక గురువారం గంప లేకుండా వచ్చింది. వెనకాల ఏడో తరగతి చదివే కూతురు. పేరు దుర్గ. తలకు గట్టిగా గుడ్డ చుట్టి ఉంది.

"పార్లరమ్మగారూ, దీని తల ఒకసారి చూడండి. మీవల్ల అయితే సరే. కాకపోతే ఆదివారం అమ్మవారి దగ్గర గుండు చేయించేస్తాను."

గుడ్డ విప్పింది. దట్టమైన ఉంగరాల జుట్టు. వెనకవైపు అరచేయంత మేర చిక్కుపడి పీచులా ఉండకట్టుకుపోయింది.

"ఇప్పటికి రెండుసార్లు చేయించానండీ గుండు. ఈసారన్నా సాఫుగా వస్తుందేమోనని ఆశ. మూడోసారికి వస్తుందంటున్నారు మా వాళ్ళు."

గుండు చేయిస్తే జుట్టు తీరు మారుతుందని మన వైపు చాలామంది నమ్మకం. మారదు. మొలక ఏ తీరున ఉందో మొక్కా అదే తీరు. ఆ మాట నాకప్పుడు గట్టిగా చెప్పే ధైర్యం లేదు.

దుర్గ నేల చూపులు చూస్తూ మెల్లగా అంది: "క్రితంసారి స్కూల్లో నా స్కార్ఫు లాగేశారండీ. ఈసారి గుండు చేయిస్తే నేను స్కూలుకి వెళ్ళను."

"ఊరుకోవే! స్కూలుకి వెళ్ళక గంప మోస్తావా?" అంది తల్లి.

"మోస్తాను" అంది పిల్ల. బెదిరింపుగా అనలేదు. నిర్ణయించుకున్నట్టే అంది. నాగేశ్వరమ్మ ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. కూతురు గంప మొయ్యకూడదనే ఆవిడ గంప మోస్తోంది.

నేను నాకు తెలిసిన విద్యంతా చూపించాను. బోరు నీళ్ళతో, షాంపూ రెండుసార్లు పెట్టి రుద్దాను. మా బందరు బోరు నీళ్ళు ఎంత ఉప్పనో మీకు తెలుసు. తర్వాత టర్కీ టవలుతో గట్టిగా తుడిచాను. ఆరాక దువ్వెన తీసుకుని నడినెత్తి నుంచి కిందికి లాగాను. సాఫు జుట్టుకు ఇవన్నీ చెల్లుతాయి. ఈ జుట్టుకు ఒక్కొక్కటీ ఒక్కో దెబ్బ. చిక్కు ఇంకా బిగిసింది. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి, దాంతోపాటు గుప్పెడు జుట్టు ఊడొచ్చింది. పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఉక్కపోతకు నా చెంపల మీద చెమట కారుతోంది. దుర్గ అద్దంలో నన్నే చూస్తూ, ముక్కు ఎగబీల్చి అడిగింది:

"ఆంటీ, మీదీ నాలాంటి జుట్టేగా?"

చెవి దగ్గర చెమటకు తడిసిన నాలుగు వెంట్రుకలు, ఇస్త్రీ మర్చిపోయి, చుట్టలు చుట్టుకుని పైకి లేచాయి. నేను చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుని, "కాదమ్మా" అన్నాను.

"పార్లరమ్మగారి జుట్టు ఎంత సాఫుగా ఉందో చూడు, నీకు అన్నీ వంకర మాటలే" అని తల్లి కసిరింది. "శనివారం ఒకసారి తీసుకురా, ఇంకోలా చూస్తాను" అన్నాను. ఇంకోలా అంటే ఎలాగో నాకే తెలియదు. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే అసహ్యం వేసింది. చిన్నపిల్ల దగ్గర, అదీ నా జుట్టు గురించి, అబద్ధం ఆడాను.

బంటుమిల్లిలో

మర్నాడు పార్లరు మూసేసి బంటుమిల్లి బస్సెక్కాను. మా అమ్మ పెరట్లో బియ్యం చెరుగుతోంది. సంగతంతా చెబితే పకపకా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! నీ తల పదిహేనేళ్ళు ఎవరు దువ్వారే? శనివారం శనివారం ఏం చేశానో మర్చిపోయావా?"

మర్చిపోయాను. ఇస్త్రీ వచ్చాక అదంతా పల్లెటూరి మోటు పని అనుకుని, కావాలనే మర్చిపోయాను.

అమ్మ పెరట్లో మందారాకు దూసి, నీళ్ళలో వేసి చేత్తో పిసికింది. ఆకు జిగురంతా నీళ్ళలోకి దిగి, బెండకాయ బంకలా జారుగా అయింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల బాగా తడిపి, ఆ జిగురు పట్టించింది. దువ్వెన ముట్టుకోలేదు. తడి మీదే, వేళ్ళతో, చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వచ్చింది. నాలుగు అంగుళాల చిక్కు విడదీశాకే ఇంకో నాలుగు అంగుళాలు. తర్వాత పాత నూలు చీర ముక్కతో అదిమి నీళ్ళు తీసింది, రుద్దలేదు.

"ఇంక ఆరేదాకా చెయ్యి పెట్టకు. పెట్టావో, పీచైపోతుంది" అంది.

నాకు తడమాలని చేతులు దురద. చిన్నప్పుడూ అంతే. అరుగు మీద కూర్చుని ఆరబెట్టుకుని, లోపలికొచ్చి అద్దం చూసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ కిందటి ప్రమీల కనిపించింది. అమ్మ వెనక నుంచి చూసి, "ఇప్పుడు నా కూతురిలా ఉన్నావు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట అనాలని ఉండీ ఆవిడ అనలేదని అప్పుడు అర్థమైంది.

శనివారం

అదే తలతో పార్లరుకు వచ్చాను. ఒక సంచి నిండా మందారాకు, రెండు బిందెల మంచినీళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాను. దుర్గ గుమ్మంలోనే ఆగిపోయి, నోరు తెరిచి నా తల వంక చూసింది.

"నీకు అబద్ధం చెప్పానే మొన్న" అన్నాను.

"నాకు అప్పుడే తెలుసులెండి" అని ఫక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను.

పొద్దున పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయింది. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. ఒక్క అరచేయంత చిక్కుకు మూడు గంటలు. రెండు చోట్ల కత్తెర పెడదామా అనిపించిందిగానీ, పట్టుపట్టి వదల్లేదు. నాగేశ్వరమ్మ బెంచీ మీద కూర్చుని మొదట్లో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. "ఇంతసేపు ఎవరు పడతారండీ రోజూ?" అంది. "రోజూ కాదమ్మా, వారానికొకసారి. సాఫు జుట్టుకైతే రెండోరోజే జిడ్డు దిగుతుంది, దీనికి దిగదు" అన్నాను. తర్వాత తర్వాత మాట తగ్గించేసింది. ఆరాక దుర్గ తల చుట్టూ నల్లద్రాక్ష గుత్తుల్లా రింగులు విడివిడిగా నిలబడ్డాయి.

దుర్గ అద్దం ముందు నుంచి కదలదు. నేను ధైర్యం చేసి, "ఇంక గుండు ఎందుకమ్మా?" అన్నాను.

నాగేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది. "బాగా చేశారండీ, కాదనను. కానీ మొన్న చిక్కు విడలేదని ఇంటికెళ్ళి అమ్మవారికి మాటిచ్చేశాను. తలనీలాలు ఇస్తానని దణ్ణం పెట్టుకున్నాక వెనక్కి తీసుకోకూడదు."

నేను చర్చికి వెళ్ళేదాన్ని. ఆవిడకీ ఆవిడ దేవతకీ మధ్య మాట్లాడటానికి నేనెవర్ని? దుర్గ ముఖం చూడలేక, దువ్వెనలు కడగడానికి లోపలికి వెళ్ళిపోయాను.

సోమవారం

ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఈపాటికి అయిపోయి ఉంటుంది, ఈపాటికి అయిపోయి ఉంటుంది అనుకుంటూనే కూర్చున్నాను. నా జుట్టు చూసి నలుగురు నవ్వారు కూడా, అదీ పట్టలేదు.

సోమవారం పొద్దున్నే గంప దింపిన చప్పుడు. నాగేశ్వరమ్మ. ఆవిడ తీరిగ్గా తల మీది గుడ్డ చుట్టకుదురు తీసి దులిపి, గంపలోంచి నాలుగు చేపలు ఏరి నా గిన్నెలో వేసింది.

"ఏమైందమ్మా?" అన్నాను చివరికి.

"ఏమవుతుంది? కత్తి పట్టుకుని గుండు చేసే ఆయన రెడీగా ఉన్నాడు. ఇది బిగుసుకుని కూర్చుంది, ఏడవలేదు. ఆయన తల తడపబోతే నేనే చెయ్యి పట్టుకున్నానండీ. 'మూడు కత్తెర్లు చాలు బాబూ' అన్నాను. అమ్మవారికి మూడు కత్తెర్లిచ్చి దణ్ణం పెట్టుకున్నాం. ఆడపిల్ల అంత ఇచ్చినా మొక్కు చెల్లినట్టే, ఆ తల్లికి తెలియదా ఏంటి!"

మూడు కత్తెర్లంటే గుండు చేయించుకోని ఆడవాళ్ళు మొక్కు కింద ఇచ్చే మూడు పాయలు. నా బుర్రకు తట్టనిది ఆవిడకు తట్టింది. నేను సంతోషం పట్టలేక ఆవిడ చేతులు పట్టేసుకున్నాను, చేపల వాసన చూసుకోకుండా.

"వదలండి వదలండి, బేరానికి పోవాలి" అని గంప ఎత్తుకుంది. వీధి మొదట్లో స్కూలు బ్యాగుతో దుర్గ నిలబడి ఉంది. తలకు గుడ్డ లేదు.

సంధ్యా, ఇది నీకు

మిగతాది తొందరగా చెప్పేస్తాను. సాఫు జుట్టుకు మాడు మీది నూనె దానంతట అదే చివరి దాకా జారుతుంది. ఉంగరాల జుట్టులో ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే మాడు బాగున్నా చివర్లు ఎండిపోతాయి, కాబట్టి నూనె చివర్లకు పట్టించాలి. కుంకుడుకాయ ఒక్కటే వాడితే దీనికి మరీ పొడి, మందారాకు కలపాలి. బోరు నీళ్ళు వద్దు. బిగించి జడ వేస్తే నుదుటి దగ్గర జుట్టు పల్చబడుతుంది. పడుకునేటప్పుడు నూలు దిండు గలీబు కంటే పాత సిల్కు గుడ్డ మేలు.

ఇప్పుడు సీసాల్లో బోలెడు వస్తున్నాయి, వాడుకో, మందారాకే వాడమని నేను చాదస్తం చెయ్యను. కాకపోతే అమ్మాయి వచ్చి స్ట్రెయిట్ చెయ్యండి అంటే, వెంటనే మెషీను అందుకోకు. ఎవరు చేయించుకోమన్నారో అడుగు. "నాకే సరదా అండీ" అంటే చేసి పంపించు, సరదా తప్పు కాదు. ఇంకెవరి పేరో చెబితే మాత్రం, ముందు ఒకసారి ఆ జుట్టును దాని తీరున కడిగి చూపించు.

ఆఖరి కస్టమరు

పార్లరు ఇచ్చేసే రోజు, సామాను సర్దుకుంటుంటే నాగేశ్వరమ్మ వచ్చింది. గంప మానేసి చాలా కాలమైంది. దుర్గ అవనిగడ్డలో టీచరు, రింగుల జుట్టు విరబోసుకుని స్కూలుకు వెళ్తుందట. "పిల్లలు లాగట్లేదా?" అంటే, "లాగితే వీపు పగలదూ!" అంది తల్లి.

ఏ చేపల కబురో చెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఆవిడ తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ కూర్చోలేదు.

"నాదీ ఒకసారి విప్పండమ్మా" అంది.

బిగించి కట్టిన ముడి విప్పాను. నడినెత్తిన గంప, చుట్టకుదురు మోసి మోసి అరిగిపోయి, రూపాయి బిళ్ళంత బోడి. దాని చుట్టూ, తెల్లగా, చిక్కులు చిక్కులుగా, ఉంగరాలు.

"దానికి నా జుట్టే వచ్చిందండీ. మా అమ్మ నాకు ఐదుసార్లు గుండు చేయించింది. ఎప్పటికీ సాఫుగా రాలేదు, తర్వాత నేనే ముడి కట్టి దాచేశాను. ఆ శనివారం దాని తల మీ చేతుల్లో అలా విచ్చుకుంటుంటే, నేను నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నాననుకున్నారు? నాకూ ఎవరన్నా ఇలా చేసుంటేనా అని ఏడుపొచ్చింది."

సర్దిన సామాను మళ్ళీ విప్పాను. నీళ్ళు పెట్టాను, మందారాకు పిసికాను. తడి మీద, వేళ్ళతో, చివర్ల నుంచి పైకి. పాత చీర ముక్కతో అదిమి, అద్దం వైపు తిప్పాను. చాలాసేపు చూసుకుంది.

"అచ్చం మా దుర్గలా ఉన్నానండీ" అంది.

పమిట తల మీదికి లాక్కోబోయి, మానేసి, గుమ్మం దిగింది. "ఆరేదాకా చెయ్యి పెట్టకమ్మా!" అని వెనక నుంచి కేకేశాను. "పెట్టనండీ" అంది. రోడ్డు దాటేలోపే రెండుసార్లు తడిమి చూసుకుంది.